మార్చి జల్లుకు తెల్లబడే లోయ

మార్చి ఎండకు అరకు కొండల పచ్చదనం వాడిపోతుంది. ఎర్రమట్టి నెర్రెలు విచ్చుతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం గాలికొండ మీంచి కాటుక రంగు మబ్బొకటి బరువుగా దిగివచ్చి, కాసేపు కురిసి, తన దారిన తాను పోతుంది. అంతే! నెలల తరబడి కాఫీ కొమ్మల కణుపుల్లో ముడుచుకుని నిద్రపోతున్న మొగ్గలకు ఆ పాటి తడి చాలు. వారం పది రోజులు తిరిగేసరికి సిల్వర్ ఓక్ చెట్ల పలుచని నీడలో, మిరియాల తీగల పక్కన, నిగనిగలాడే ముదురాకుల నడుమ కొమ్మ కొమ్మకూ తెల్లటి పూలు గుత్తులు గుత్తులుగా విచ్చుకుంటాయి. మల్లెలను తలపించే తియ్యని పరిమళం వాలు వెంట కిందికి జారి, ఊళ్లోకి, ఇళ్లలోకి వస్తుంది. తోటంతా తేనెటీగల జుమ్మనే నాదం. ఈ వైభవమంతా మూడు నాలుగు రోజులే. ఆపైన రేకులు గోధుమ రంగుకు తిరిగి, రాలి, మట్టిలో కలిసిపోతాయి. సికింద్రాబాదులో కూర్చుని అరకు కాఫీ చప్పరించేవారికి ఈ తెల్లదనం ఊహకైనా అందుతుందా!

నిజానికి కాఫీ ఈ కొండల్లో పుట్టిన మొక్క కాదు. 1898లో బ్రాడీ అనే ఆంగ్లేయుడు పాములేరు లోయలో నాటించాడంటారు. ఈనాడు బగతలు, కొండదొరలు, కోటియాలు, వాల్మీకులు వంటి గిరిజనులు ఒకప్పటి పోడు వాలుల్లో దాన్ని సాకుతున్నారు. నవంబరు నుంచి కాయలు పగడాల్లా ఎర్రబడతాయి. పచ్చివాటిని కొమ్మకే వదిలి, పండినవాటినే వేళ్లతో ఏరి కోస్తారు. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

కాఫీ కాయలు పండే చలికాలంలోనే వలిసెలు పూస్తాయి. మంచు తెర మెల్లగా పైకి లేస్తుంటే, కొండ అంచు దాకా పరుచుకున్న పసుపు వెలుగు, దాని మీద వణికే మంచు చుక్కలు! నూనె గింజల పంట అది. చేలో ఫొటోలు దిగేవారి దగ్గర రైతులు పదో ఇరవయ్యో తీసుకుంటారు. కొందరు విసుక్కుంటారు గానీ, తొక్కిన మొక్కకు ఆ మాత్రం ఖరీదు కట్టడం న్యాయమే.

బొర్రా దగ్గర నేల లోపల మరో లోకం. గోస్తని నది నీరు సున్నపురాతిని యుగాల తరబడి తొలిచి మలిచిన చీకటి మండపాలలో రాతి ఊడలు, రాతి స్తంభాలు, చుక్క చుక్కగా ఇంకా పెరుగుతూనే ఉన్న శివలింగాలు. ఆ గుహల నెత్తిమీదుగానే బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం మోసుకుంటూ గూడ్సుబండ్లు విశాఖకు దిగుతాయి.

చైత్రంలో ఇటుకల పండుగ. తుడుము మోగగానే, మోరి పలకగానే, ఆడవాళ్లు ఒకరి వెనకగా ఒకరు చేతులు పెనవేసుకుని, అందెల మోతతో థింసా నృత్య వలయం కడతారు. తెల్లారితే వాళ్లే అడ్డాకుల కట్టలు, పసుపు కొమ్ములు, చింతపండు తట్టలకెత్తుకుని సంతకు నడుస్తారు. మైదానం నుంచి వచ్చిన షావుకారు తూకంలో గ్రాము తగ్గినా ఊరుకోరు.