అద్దెకు ఓ దేశం!

అమెరికా సైనికులూ చైనా సైనికులూ ఇరుగుపొరుగున కాపురం ఉంటున్న చోటు ఒకటుంది. ఇద్దరి మధ్యా దూరం పదిపన్నెండు కిలోమీటర్లే! ఆ ఊరి యజమాని జిబూటీ.

ఆఫ్రికా తూర్పు అంచున ఉన్న ఈ బుల్లి దేశం మన ఉమ్మడి అనంతపురం జిల్లాకన్నా కాస్త పెద్దది. జనాభా పదిలక్షల పైచిలుకు. చమురు లేదు, ఏడాది పొడవునా పారే నది లేదు. ఉన్నదల్లా రాళ్లూ ఉప్పూ ఎండా. మరి ఇక్కడేముందని పెద్ద దేశాలన్నీ ఎగబడుతున్నాయీ అంటే... ఎదురుగా బాబ్ ఎల్ మందెబ్ జలసంధి ఉంది. 'కన్నీటి ద్వారం' అని ఆ పేరుకి అర్థం. వెడల్పు సుమారు 30 కిలోమీటర్లు. సూయజ్ కాలువ మీదుగా ఆసియా, ఐరోపాల మధ్య తిరిగే ప్రతి నౌకా ఈ సందులోంచే దూరాలి.

1977లో స్వాతంత్య్రం ఇచ్చాక కూడా ఫ్రాన్స్ తన సైన్యాన్ని ఇక్కడే ఉంచింది. న్యూయార్క్ జంట భవనాలు కూలాక, 2002లో అమెరికా వచ్చింది. ఒకప్పుడు ఫ్రెంచి సైనికులున్న క్యాంప్ లెమోనియేలో దిగింది. తర్వాత సోమాలియా సముద్రపు దొంగల పుణ్యమా అని జపాన్ (2011), ఇటలీ (2013) చేరాయి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్ పరాయిగడ్డ మీద పెట్టుకున్న తొలి స్థావరం ఇదే. దొంగలు తగ్గిపోయారు, వాళ్లను పట్టడానికి వచ్చినవాళ్లు మాత్రం ఉండిపోయారు! 2017లో చైనా కూడా విదేశాల్లో తన మొట్టమొదటి స్థావరాన్ని ఇక్కడే తెరిచింది. సరఫరాల కోసమేనని చెప్పింది. ఏడాది తిరక్కుండానే గొడవ మొదలు. చైనా స్థావరం నుంచి లేజర్ కిరణాలు వేయడంతో తమ విమాన సిబ్బంది ఇద్దరికి కళ్లు దెబ్బతిన్నాయని 2018లో అమెరికా ఆరోపించింది. అబ్బే, మేం కాదంది చైనా.

ఇంటి యజమాని ఎవరి పక్షమూ వహించలేదు. ఎలా వహిస్తాడు? 2014 ఒప్పందం ప్రకారం అమెరికా ఏటా 6.3 కోట్ల డాలర్ల అద్దె ఇస్తోంది. చైనా ఇచ్చేది 2 కోట్లని వార్తలొచ్చాయి. అద్దె తక్కువైనా చైనా అప్పు పెద్దది. రేవుకీ రైలుకీ మంచినీళ్ల గొట్టాలకీ కలిపి వంద కోట్ల డాలర్లు దాటింది. సముద్రతీరం లేని ఇథియోపియా సరుకంతా దాదాపు జిబూటీ రేవు నుంచే వెళ్తుంది. అందుకే అడిస్ అబాబా నుంచి సుమారు 750 కిలోమీటర్ల విద్యుత్ రైలుమార్గం వేశారు. లెక్క మంచిదే. కానీ వాయిదాలు కట్టడం తలకు మించిన భారమైంది. 2022లో చైనాకి చెల్లింపులు ఆపేయాల్సి వచ్చింది. ఒక చేత్తో అద్దె పుచ్చుకుని, మరో చేత్తో వడ్డీ కట్టే సంసారం అది. రాజధాని పక్కనున్న బాల్బలాలో రేకుల ఇళ్లు మాత్రం అలాగే ఉన్నాయి.

జిబూటీ మనకీ కష్టంలో అక్కరకొచ్చింది. 2015లో యెమెన్ యుద్ధంలో చిక్కుకున్న మనవాళ్లను నౌకాదళం మొదట తెచ్చి దింపింది ఈ రేవులోనే. అక్కణ్నుంచి వాయుసేన విమానాల్లో ఇంటికి చేర్చారు.

ఇన్ని సైన్యాలు కాపలా ఉంటే ఆ దారి భద్రంగా ఉండాలి కదా! 2023 నవంబరులో యెమెన్‌లోని హూతీలు ఎర్రసముద్రంలో నౌకల మీద దాడులు మొదలెట్టారు. పెద్ద పెద్ద షిప్పింగ్ కంపెనీలు ఆ దారికో దండం పెట్టి ఆఫ్రికా ఖండమంతా చుట్టి వెళ్లాయి. ప్రయాణం పది రోజులు పెరిగింది, కిరాయిలూ పెరిగాయి. అయినా జిబూటీలో అయిదుగురిలో ఒక్కరూ ఇల్లు ఖాళీ చేయలేదు. పైగా 2024లో ఫ్రాన్స్ తన ఒప్పందాన్ని పొడిగించుకుంది.