ఏది డిస్కు? ఏది డ్రైవు?

ఒక ఉన్నత పాఠశాలలోని కంప్యూటరును ఊహించుకొందము. దాని ‘సి’ డ్రైవులో విండోస్ ఉన్నది; ‘డి’ డ్రైవులో మూడేండ్ల ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు ఉన్నవి. ఉపాధ్యాయులు విండోసును తీసివేసి, ఉబుంటు అను ఆపరేటింగు సిస్టమును స్థాపింప తలపెట్టిరి. నడుమ ఒక ప్రశ్న ఎదురగును: డిస్కును చెరిపి స్థాపింపవలెనా? ఉన్న సిస్టము ప్రక్కన స్థాపింపవలెనా? లేక విభాగములను మీరే ఏర్పరచుకొందురా? “చెరిపినచో పోవునది ‘సి’ మాత్రమే కదా!” అని వారు మొదటిదానిని ఎన్నుకొనవచ్చును. అప్పుడు ‘డి’లోని పత్రములు కూడ పోవును. కారణమేమి?

డిస్కు వేరు, డ్రైవు వేరు. డిస్కు అనగా పెట్టెలో బిగించిన వస్తువు. దానిని ఒక పొలమనుకొన్నచో, గట్లు వేసి చేసిన మడులే విభాగములు. ఒక్కొక్క మడికి ఒక్కొక్క అక్షరము తగిలించి విండోస్ దానిని డ్రైవుగా చూపును. గట్లు ఎచ్చటెచ్చట ఉన్నవో తెలుపు విభజన పట్టిక డిస్కు మొదటనే వ్రాయబడి యుండును. డిస్కును చెరుపుమన్నప్పుడు ఆ పట్టికయే క్రొత్తగా వ్రాయబడును. ఒకే డిస్కులోని మడులైనచో ‘సి’, ‘డి’ రెండును పోవును.

పేర్లలో మరొక చిక్కు కలదు. ఉబుంటు ఈ డ్రైవు అక్షరములను వాడదు. అది డిస్కులను ‘ఎస్‌డిఏ’, ‘ఎస్‌డిబి’ అనియు, వాని విభాగములను ‘ఎస్‌డిఏ1’, ‘ఎస్‌డిఏ2’ అనియు పిలుచును. ఈ పేర్లు డిస్కులు కంటబడిన వరుసను బట్టి వచ్చును. స్థాపనకై గుచ్చిన పెన్‌డ్రైవునకును ఇట్టి పేరే వచ్చును. కంప్యూటరును మరల నడిపినప్పుడు ఈ వరుస మారవచ్చును. కావున పేరును నమ్మరాదు. పరిమాణమును, తయారీ నమూనాను చూచి డిస్కును గుర్తింపవలెను.

పరిమాణము కూడ తికమక పెట్టును. 500 గిగాబైట్లని ముద్రించిన డిస్కును విండోస్ దాదాపు 465 అని చూపును. తయారీదారుల లెక్కలో గిగాబైటు అనగా 100 కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో అది 1024×1024×1024, అనగా 107,37,41,824 బైట్లు. ఈ రెండవ కొలతకు 1998లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము గిబిబైటు అను వేరు పేరు పెట్టినది. డిస్కులో ఏమియు తరుగలేదు. కొలపాత్ర మారినది, అంతే.

కావున స్థాపనకు ముందు ఈ పనులు చేయవలెను. ముఖ్యమైన పత్రములను వేరొక డిస్కునకు నకలు చేసి, ఆ నకలును మరొక కంప్యూటరులో తెరచి చూడవలెను. తరువాత ఆ డిస్కును ఊడదీసి దూరముగా ఉంచవలెను. ఏ విభాగము ఎంత ఉన్నదో కాగితముపై వ్రాసికొనవలెను. రెండు సిస్టములను ఉంచదలచినచో, 100 మెగాబైట్ల వంటి చిన్న విభాగమును పనికిరానిదని తొలగింపరాదు. కంప్యూటరును మేల్కొలుపు కార్యక్రమము అందే ఉండవచ్చును. విండోస్ స్థాపనలో విభాగమును తొలగింపుమన్నచో, ఒక హెచ్చరిక తరువాత అది వెంటనే పోవునని మరువరాదు.

విద్యార్థులకొక లెక్క: ఒక టెరాబైటు, అనగా లక్ష కోట్ల బైట్ల డిస్కును విండోస్ ఎన్ని గిగాబైట్లుగా చూపును? 931 వచ్చినచో మీ లెక్క సరియైనది.