‘కుక్క’ అంటే పువ్వు, ‘పో’ అంటే నది

ఇటలీలో అన్నిటికన్నా పొడవైన నది పేరు పో. ఆల్ప్స్ కొండల్లో పుట్టి సుమారు 650 కిలోమీటర్లు పారి ఏడ్రియాటిక్ సముద్రంలో కలుస్తుంది. అదే ఇటలీలో ‘ఉన్ పో’ అంటే ‘కొంచెం’. కొండలు దాటి జర్మనీలో అడుగుపెడితే పో అంటే పిర్రలు, అదీ ఇంట్లో పిల్లలతో ముద్దుగా అనే మాట. వర్ధన్నపేటలో పో అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. ఒక హల్లు, ఒక అచ్చు. అంత చిన్న ప్రాణానికి ఇన్ని బతుకులు.

పొట్టి మాటలకే ఈ యోగం. లెక్క వేసి చూస్తే కారణం తెలుస్తుంది. మన బడిపిల్లలు వల్లించే గుణింతాల పట్టికలో 35 హల్లులకు 12 గుణింతాలు వేస్తే వచ్చేవి 420 అక్షరాలే. ప్రపంచంలో దాదాపు 7,000 భాషలున్నాయి. ప్రతి భాషకూ రా, పో, నే, ఆ లాంటి చిన్న చిన్న మాటలు కావాలి. మనిషి నోటికి సులువుగా పలికేవి ఆ కొన్ని ధ్వనులే. అందుకని ఒక ఊళ్లో వాడేసిన మాటను ఇంకో ఊరు వాడుకోక తప్పదు. అర్థం మాత్రం ఏ ఊరి వాళ్లు ఆ ఊళ్లో కుదుర్చుకున్నదే.

అన్నిటికన్నా ఎక్కువ దేశాలు తిరిగింది

నా లెక్కలో ఆ గౌరవం ‘నే’కి దక్కాలి. ‘నే చెప్పిన గదా’ అన్నప్పుడు మనకది నేను. గ్రీకులో అదే పలుకుకు అవును అని అర్థం. గ్రీసు సరిహద్దు దాటి బల్గేరియాలో కాలు పెట్టగానే నే అంటే కాదు. సెర్బియాలో, చెక్ దేశంలో కూడా కాదనే. టర్కీలో నే అంటే ఏమిటి. ఫ్రెంచిలో పుట్టినవాడు. కొరియాలో మళ్లీ అవును. మన పక్కనే హిందీ, ఉర్దూల్లో ‘రామ్ నే’, ‘మై నే’ అంటూ పని చేసినవాడి వెనక తోకలా నిలబడుతుంది. గ్రీకులూ బల్గేరియా వాళ్లూ ఇరుగుపొరుగు. ఒకరి అవును ఇంకొకరికి కాదుగా వినబడటం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి. పైగా బల్గేరియాలో అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే నిలువుగా. అక్కడ నోరూ తలా రెండూ కొత్తగా నేర్చుకోవాలి.

‘దా’ కూడా తక్కువది కాదు. ‘ఇటు దా బిడ్డా’ అని మనం పిలిచే దా రష్యా, బల్గేరియా, సెర్బియా, రుమేనియాల్లో అవును. ఇటలీలో ‘నుంచి’. జర్మనీలో ‘అక్కడ’. మనం దగ్గరికి పిలిచే పలుకే జర్మన్ వాళ్లకు దూరంగా చూపించే వేలయింది.

అన్నిటికన్నా పొట్టివి

ఒక్క అచ్చుతో ముగిసిపోయే మాటల్లో ‘ఓ’ మంచి వింత. ఫ్రెంచి వాళ్లు మూడు అచ్చులు రాసి ఓ అని పలికితే నీళ్లు. స్వీడన్‌లో, డెన్మార్క్‌లో ఒకే అక్షరం మీద సున్నా పెట్టి రాసి ఓ అంటే చిన్న ఏరు. రెండూ తడి మాటలే. నార్వేలో లోఫోటెన్ దీవుల కొసన ఆ ఒక్క అక్షరమే పేరుగా ఒక ఊరుంది. యూరప్ రహదారుల్లో ఈ-10 అక్కడికి చేరి ఆగిపోతుంది. మన దేశంలో అంత పొట్టి పేరు వెతకాలంటే ఒడిశాలో ఈబ్ రైల్వే స్టేషన్ దగ్గర దిగాలి. పక్కన పారే ఈబ్ నదే దానికి పేరిచ్చింది. పొడవు సంగతి వస్తే చాలాకాలం దేశంలోకెల్లా పెద్ద స్టేషన్ పేరు తెలుగువాళ్లదే: రేణిగుంట, అరక్కోణం దారిలోని వెంకటనరసింహరాజువారిపేట.

ఆ పేట దాటితే తమిళనాడు. అక్కడ మన మాటలు వేషం మార్చవు, అర్థం మారుస్తాయి. వీడు అంటే ఇల్లు. వండి అంటే బండి. ఆడు అంటే మేక. సొల్లు అంటే చెప్పు, మనకేమో అది పనికిరాని కబుర్లు. ‘ఈ’ అంటే వాళ్లకు ఈగ. అందుకే 2012లో రాజమౌళి తీసిన ‘ఈగ’కు తమిళంలో ‘నాన్ ఈ’ అని పేరు పెట్టారు. అదే ‘ఈ’ స్పెయిన్‌లోనూ పోలండ్‌లోనూ ‘మరియు’, స్వీడన్‌లో ‘లోపల’. కన్నడ దేశంలో ఇల్ల అంటే లేదు. మన ఇల్లు మాట అక్కడ లేమిగా వినిపిస్తుంది.

ఫిన్లాండ్, ఇటలీ

తెలుగు చెవికి అన్నిటికన్నా ఎక్కువ వింతలు చూపించే యూరప్ భాషలు ఈ రెండే అని నా నమ్మకం. రెండింటిలోనూ మాటలు మనలాగే ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ద్విత్వాలను నొక్కి పలుకుతారు. అందుకే తప్పించుకునే వీలు లేకుండా మన మాటలే వినిపిస్తాయి.

ఫిన్లాండ్‌లో కుక్క అంటే పువ్వు. కల అంటే చేప. మా అంటే నేల. పూ అంటే చెట్టు, మన పువ్వు దాకా రాకుండా చెట్టు దగ్గరే ఆగింది. కిస్సా అంటే పిల్లి, వరంగల్ పల్లెల్లో కిస్స అంటే కథ అని ఎవరినడిగినా చెబుతారు. ఇటలీలో కూర అంటే వైద్యం, సంరక్షణ. గోల అంటే గొంతు. వేల అంటే తెరచాప. ముక్క అంటే ఆవు. మేల అంటే ఆపిల్ పండు, హిందీలో మేలా అంటే జాతర. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న దగ్గర జరిగేదాన్ని హిందీ మనిషి మేలా అంటే, ఇటలీ మనిషి పండ్ల బండి కోసం చుట్టూ చూస్తాడు.

అయితే ఇటలీ వాళ్లు ఓడను నావె అంటారు. దీన్ని మాత్రం కాకతాళీయం అనుకోకూడదు. మన నావ సంస్కృతం నుంచి, వాళ్ల నావె లాటిన్ నుంచి వచ్చాయి. ఆ రెండూ ఒకే పాత ఇంట పుట్టిన మాటలు. పైకి ఒకేలా కనిపించే మాటల్లో చుట్టరికం ఉన్నదేదో, లేనిదేదో విడదీయడానికే భాషాశాస్త్రవేత్తలు అంత శ్రమపడతారు.

యూరప్ వాళ్లలో వాళ్లకే ఈ తికమక తక్కువేం కాదు. బుర్రో అంటే ఇటలీలో వెన్న, స్పెయిన్‌లో గాడిద. ఇటలీలో కుళాయి మీద సి అక్షరం ఉంటే కాల్డో, అంటే వేడినీళ్లు. ఇంగ్లిష్ అలవాటుతో కోల్డ్ అనుకుని తిప్పితే చెయ్యి కాలుతుంది. పోజోర్ అంటే చెక్ దేశంలో జాగ్రత్త, రష్యాలో సిగ్గుచేటు. ఇంగ్లిష్ గిఫ్ట్ బహుమతి. జర్మన్ గిఫ్ట్ విషం. స్వీడన్‌లో, డెన్మార్క్‌లో గిఫ్ట్ అంటే విషమూ అవును, పెళ్లయిన మనిషీ అవును. వీటన్నిటికీ ఇవ్వడమే మూలం: ఇచ్చేది బహుమతి, ఇచ్చేది మందు మోతాదు, ఆ మోతాదే మెల్లగా విషమయింది. జర్మన్లో వరకట్నానికి పాత పేరు మిట్‌గిఫ్ట్. కూతురితోపాటు ఇచ్చేది అని దాని భావం. ఆ మాటలో విషం ఎలా దూరిందో మన ఊళ్లలో ఆడపిల్లల్ని కన్నవాళ్లు నిఘంటువు చూడకుండానే చెప్పగలరు.

వర్ధన్నపేట అంగట్లో

ఇన్ని దేశాలు తిరగకుండానే ఈ వింత అంతా వరంగల్, ఖమ్మం రోడ్డు మీద దొరుకుతుంది. వర్ధన్నపేట చుట్టూ తెలుగు పల్లెలున్నాయి, లంబాడీ తండాలున్నాయి. ఊళ్లో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. బడి బోర్డుల మీద, మందుల డబ్బాల మీద ఇంగ్లిష్ ఉంది. నాలుగు భాషలు ఒకే అంగట్లో తిరుగుతాయి. యూరప్‌లో సరిహద్దు దాటితే మారే అర్థం ఇక్కడ దుకాణం గడప దాటితే మారుతుంది.

అన్నిటికన్నా బరువు మోసే మాట ‘సాలు’. నాగలి గీసిన గీత సాలు. పత్తి గింజలు పెట్టేది సాలు పట్టుకునే. అన్నం ఇక వద్దంటే ‘సాలు’. పార్సీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చిన సాల్ అంటే ఏడాది. నిజాం నాటి రెవెన్యూ లెక్కలన్నీ ఫసలీ సాళ్ల మీదే నడిచాయి. ఒక ముసలి రైతు నోట ఈ మూడూ ఒకే పూట వస్తాయి. ఏ సాలు ఏదో వినేవాళ్లు ఒక్కసారీ తడబడరు. ఇక స్పెయిన్ వాళ్లు సాల్ అంటే ఉప్పు. అదే సాల్ అని గద్దిస్తే ‘బయటికి నడు’ అని.

‘లే’ అని ఉర్దూ దుకాణదారు అంటే తీసుకో. తెలుగు మనిషి అంటే పైకి లే. ‘పైసల్ లే’ అంటే తెలంగాణలో డబ్బు లేదు. ‘హౌ’ అంటే దక్కనీ ఉర్దూలో అవును, ఇంగ్లిష్‌లో ఎట్ల, జర్మన్లో కొట్టు. ‘కల్’ అంటే ఉర్దూలో నిన్నా అదే, రేపూ అదే. వెనక వచ్చే క్రియను బట్టి తెలుసుకోవాలి. తమిళంలో కల్ అంటే రాయి.

‘బస్’ కథ ఇంకా ముచ్చటైనది. ఉర్దూలో బస్ అంటే చాలు. మనం ఎక్కే బస్సుకు పూర్వం ఆమ్నిబస్ అని పేరు. లాటిన్‌లో అందరి కోసం అని దాని అర్థం. అందులో చివరి ముక్క విడిగా మాటే కాదు, కేవలం ‘కొరకు’ లాంటి విభక్తి ప్రత్యయం. ప్రపంచమంతా ఒక ప్రత్యయం ఎక్కి ప్రయాణం చేస్తోందని తెలిసిన రోజు నేను ఎంత సంబరపడ్డానో!

తండాల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. లంబాడీలు తమ భాషను గోర్ బోలి అంటారు. రాజస్థానీకి దగ్గరి చుట్టం. సొంత లిపి లేదు గనక తెలంగాణలో తెలుగు అక్షరాల్లో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ లిపిలో రాస్తారు. అందులో యాడి అంటే అమ్మ. మన పల్లెల్లో ‘యాడిది?’ అంటే ఎక్కడిది. తండా పిల్లవాడు బడికి వచ్చిన కొత్తలో అమ్మను తలుచుకుని పలికిన మాట పంతులుకు ప్రశ్నగా వినబడవచ్చు. బడి మొదలయ్యే నాడు ఆ పిల్లవాడి భాష కొంచెమైనా తెలిసిన మనిషి ఒకరు అక్కడ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. మారో అంటే గోర్ బోలిలో నాది, హిందీలో కొట్టు. ఎంత దూరమో చూడండి. బా అంటే లంబాడీకి నాన్న, అదే బా గుజరాతీకి అమ్మ. కస్తూర్బా పేరు చివర ఉన్నది ఆ అమ్మే.

చుట్టరికాల తికమక

లోకంలో అన్నిటికన్నా అటూ ఇటూ అయిన చుట్టరికం జార్జియా దేశంలో ఉంది. కాకసస్ కొండల్లోని ఆ దేశంలో మామా అంటే నాన్న, దేదా అంటే అమ్మ, పాపా అంటే తాత. మన పాప ఆడపిల్ల. స్పానిష్ పాపకు ముందు పుంలింగ సూచిక పెడితే పోపుగారు, స్త్రీలింగ సూచిక పెడితే లాటిన్ అమెరికాలో ఆలుగడ్డ. అప్ప అంటే ఉత్తరాంధ్రలో అక్క, కన్నడ తమిళాల్లో నాన్న, కొరియాలోనూ నాన్నే. అవ్వ అంటే వరంగల్ పల్లెల్లో కన్నతల్లి, రాయలసీమలో ముసలవ్వ. ఒకే తెలుగులో ఒక తరం తేడా.

ఈ మాటలు ఎందుకు ఇన్నిచోట్ల వినిపిస్తాయో రోమన్ యాకబ్సన్ అనే భాషాశాస్త్రవేత్త వివరంగా రాశాడు. పసిబిడ్డ నోటికి మొదట పట్టేవి పెదవులతో పలికే మ, ప, బ లే. బిడ్డ ఊరికే చేసిన ఆ చప్పుడును పక్కనున్న పెద్దవాళ్లు తమ పేరుగా అందుకుంటారు. ఎవరు ముందు అందుకుంటే వాళ్లదే ఆ మాట.

ఈ గడ్డ మీద రెండు మూడు భాషల్ని ఒకే నోట మోసినవాళ్లు చాలామంది. ఇక్కడికి దూరం కాని పాలకుర్తిలో 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు తెలుగు, కన్నడ, సంస్కృతాల్లో రాశాడు. తన వృషాధిప శతకంలో తమిళ, కన్నడ, మరాఠీ పద్యాలకూ చోటిచ్చాడు. కాళోజీ నారాయణరావు 1914 సెప్టెంబరు 9న కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టి మడికొండలో పెరిగాడు. తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ, ఆయన కలం పట్టింది తెలుగులో, ఉర్దూలో కూడా. ఆయన పుట్టినరోజే తెలంగాణ భాషా దినోత్సవం. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో 1921లో పుట్టిన పి.వి. నరసింహారావు స్పానిష్ దాకా వెళ్లాడు. ఇక ఒకే భాషలో ఒకే మాటకు రెండర్థాలు మోయించడంలో మన కవులకు సాటి లేదు. 16వ శతాబ్దపు పింగళి సూరన రాసిన రాఘవపాండవీయం ఒకలా విడదీస్తే రామాయణం, ఇంకోలా విడదీస్తే భారతం. కావ్యమంతా అంతే.

అన్నిటికన్నా అరుదైనది

ధ్వని ఒకటై అర్థం వేరు కావడం మామూలే అని ఇప్పటిదాకా చూశాం. ఏ చుట్టరికమూ లేకుండా ధ్వనీ అర్థమూ రెండూ కలవడం అరుదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఎంబాబరం అనే ఆదివాసీ భాష ఉండేది. దాన్ని నమోదు చేయడానికి వెళ్లిన పండితుడు ఆర్.ఎం.డబ్ల్యు. డిక్సన్ అక్కడ కుక్కను ఏమంటారని అడిగితే ‘డాగ్’ అన్న జవాబు వచ్చింది. ఇంగ్లిష్ నుంచి అరువు తెచ్చుకున్నదేమో అని ఆయన అనుమానించాడు. కాదు. ఆ చుట్టుపక్కల భాషల్లోని ‘గుదగ’ లాంటి మాట ఎంబాబరంలో తన సొంత దారిలో అరిగి అరిగి డాగ్ దగ్గరికి చేరింది.

అలాంటిదే ఇంకొకటి వర్ధన్నపేటలో రోజూ వినబడుతుంది. ఊళ్లో పేరు చెడిపోతే బద్నాం అయిండంటారు. అందులోని బద్ పార్సీ మాట, చెడు అని అర్థం. ఇంగ్లిష్ బ్యాడ్‌కూ దానికీ పలుకు దాదాపు ఒకటే, అర్థం పూర్తిగా ఒకటే, చుట్టరికం మాత్రం లేదు.