పదేళ్ల వయసులో ప్రతిభా పరీక్ష: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నవోదయ, సైనిక్ స్కూలు ప్రవేశాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అయిదో తరగతి పిల్లలు ఏటా రాసే ప్రవేశ పరీక్షల్లో రెండు ముఖ్యమైనవి. ఒకటి జవహర్ నవోదయ విద్యాలయాలకు, మరొకటి సైనిక్ స్కూళ్లకు. శ్రీకాకుళం జిల్లా నవోదయ సరుబుజ్జిలి మండలం వెన్నెలవలసలో, విజయనగరం జిల్లా నవోదయ శృంగవరపుకోట దగ్గర కిల్తంపాలెంలో ఉన్నాయి. సైనిక్ స్కూలు విజయనగరానికి చేరువలోని కోరుకొండలో ఉంది. వీటికి తోడు రాష్ట్ర ప్రభుత్వ గురుకులాలు, మన్యంలో ఏకలవ్య పాఠశాలలు ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ పాఠశాలల్లోని గిఫ్టెడ్ ప్రోగ్రాంల వంటి ఏర్పాటు మామూలు బడుల్లో లేదు గనుక, చురుకైన పిల్లలను ఏరి ప్రత్యేకంగా చదివించే పని చాలావరకు ఈ బడుల మీదే పడింది.

రెండు పద్ధతులకూ తేడా ఉంది. అక్కడ పిల్లల సామర్థ్యాన్ని కొలిచి, నిర్ణీత స్థాయి దాటినవారికి ప్రత్యేక బోధన ఇస్తారు. ఇక్కడ సీట్ల సంఖ్య ముందే ఖాయం. ఆ ఏడాది ఆ జిల్లాలో పరీక్ష రాసినవారిలో, రిజర్వేషన్లకు లోబడి, ముందు నిలిచినవారికి సీటు వస్తుంది. అందువల్ల పరీక్ష ఫలితంతో పాటు, పరీక్ష హాలు దాకా ఎవరు రాగలిగారన్నదీ లెక్కలోకి వస్తుంది.

సర్వేల్ నుంచి నవోదయ దాకా

పల్లె పిల్లల్లో చురుకైనవారిని పరీక్ష ద్వారా ఎంచి, ప్రభుత్వమే తిండి, బస, చదువు సమకూర్చే పద్ధతికి తెలుగు నేల మీద గట్టి పునాది ఉంది. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 1971లో, నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ వెంటనే గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో అలాంటివే వచ్చాయి. ఆయనే 1985లో కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖ చేపట్టాక ఈ ఆలోచన దేశవ్యాప్తమైంది. 1985–86లో హర్యానాలోని ఝజ్జర్‌లోనూ మహారాష్ట్రలోని అమరావతిలోనూ తొలి నవోదయలు తెరిచారు. 1986 జాతీయ విద్యావిధానం జిల్లాకొక నవోదయ అన్న లక్ష్యం పెట్టింది. తమిళనాడు ఒక్కటే ఈ పథకంలో చేరలేదు.

నవోదయలో ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా సీబీఎస్ఈ చదువు. భోజనం, వసతి, యూనిఫాం, పుస్తకాలు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి కొన్ని వర్గాల పిల్లల దగ్గర మాత్రమే విద్యాలయ వికాస నిధి పేరిట నెలవారీ రుసుము తీసుకుంటారు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు, ఆడపిల్లలకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లలను ఒక ఏడాది పాటు హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారు. అక్కడి పిల్లలు ఇక్కడికి వస్తారు.

ఎవరు రాయవచ్చు

ఒక్కో నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 మందిని తీసుకుంటారు. వాటిలో కనీసం 75 శాతం గ్రామీణ ప్రాంత పిల్లలకే. మూడింట ఒక వంతు సీట్లు ఆడపిల్లలకు. ఎస్సీ, ఎస్టీ కోటా జిల్లా జనాభాను బట్టి ఉంటుంది. ఓబీసీలకు 27 శాతం కేటాయిస్తారు.

అర్హత నిబంధనల్లో మూడింటిని తల్లిదండ్రులు ముందుగానే తెలుసుకోవాలి. మొదటిది నివాసం. విద్యార్థి ఆ జిల్లాలోనే గుర్తింపు పొందిన బడిలో అయిదో తరగతి చదువుతూ ఉండాలి, ఆ జిల్లా వాసి కూడా అయి ఉండాలి. రెండోది గ్రామీణ కోటా. మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంతపు బడిలో చదివినవారికే అది వర్తిస్తుంది. ఆ మూడేళ్లలో ఒక్కరోజు పట్టణ ప్రాంతపు బడిలో చదివినా పట్టణ అభ్యర్థిగానే లెక్కిస్తారు. మూడోది అవకాశాల సంఖ్య. ఈ పరీక్ష ఎవరైనా ఒక్కసారే రాయగలరు. ఒకసారి అయిదో తరగతి పూర్తిచేసి, మళ్లీ అదే తరగతిలో చేరి రాయడం కుదరదు.

ఉత్తరాంధ్రలో మొదటి రెండు నిబంధనలూ చాలా కుటుంబాలను తాకుతాయి. శ్రీకాకుళం తీరం నుంచి మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ పడవల మీదికి, ఊళ్ల నుంచి కూలీలు విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై నిర్మాణ పనులకు వలస పోవడం ఏళ్లుగా ఉంది. తల్లిదండ్రుల వెంట వెళ్లి నగరంలో కొన్ని నెలలు చదివి తిరిగొచ్చిన బిడ్డ గ్రామీణ కోటా పోగొట్టుకుంటుంది. అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉండి ఊరి బడిలోనే చదివిన బిడ్డకు ఆ చిక్కు లేదు. ఇంగ్లీషు మీడియం కోసం మూడో తరగతిలో పిల్లలను పట్నం కాన్వెంటులో చేర్చేవారు కూడా ఈ నిబంధన గుర్తుంచుకోవాలి. 2022లో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పాలకొండ, పార్వతీపురం వైపు మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి. అక్కడివారు తమ మండలం ఏ నవోదయ కిందికి వస్తుందో ఆ ఏటి ప్రాస్పెక్టస్‌లో చూసుకోవాలి.

దరఖాస్తుకు రుసుము లేదు, ఆన్‌లైన్‌లోనే చేయాలి. ప్రధానోపాధ్యాయుడు ధ్రువీకరించిన పత్రం, ఫొటో, విద్యార్థి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం అప్‌లోడ్ చేస్తారు. పుట్టిన తేదీ ఆ ఏడాదికి ప్రకటించిన రెండు తేదీల మధ్య ఉండాలి. ఆధార్‌లో, బడి రికార్డులో పుట్టిన తేదీ వేరువేరుగా ఉంటే పరీక్షకు ముందే సరిచేయించుకోవడం మంచిది. సీటు వచ్చాక జరిగే పత్రాల తనిఖీలో ఇలాంటి తేడాలు బయటపడతాయి.

ప్రశ్నపత్రం తీరు

నవోదయ పరీక్షకు రెండు గంటల సమయం, 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు. మానసిక సామర్థ్యానికి 40 ప్రశ్నలు, అంకగణితానికి 20, భాషకు 20. ఏ విభాగంలోనూ కనీస స్థాయికి తగ్గకూడదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు గనుక ఏ ప్రశ్ననూ వదిలేయకూడదు. సగటున ప్రశ్నకు 90 సెకన్లు దొరుకుతాయి.

మానసిక సామర్థ్యం విభాగంలో అక్షరం చదివే పని దాదాపు ఉండదు, అన్నీ బొమ్మలే. పది రకాల ప్రశ్నలు, రకానికి నాలుగు. నాలుగు బొమ్మల్లో వేరుగా ఉన్నదాన్ని పట్టడం, ఒకేలా ఉన్నవాటిని కలపడం, ఖాళీ గడిని నింపడం, వరుసలో తర్వాత వచ్చేది చెప్పడం, ఒక జతను చూసి రెండో జతను పూర్తి చేయడం, అసంపూర్ణమైన ఆకృతిని పూరించడం, అద్దంలో ప్రతిబింబం గుర్తించడం, మడిచి చిల్లులు పెట్టిన కాగితాన్ని విప్పితే ఎలా ఉంటుందో ఊహించడం, ముక్కలను కలిపి ఆకారం చేయడం, పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మను వెతకడం. భాష మీద, బడి పాఠాల మీద ఆధారపడకుండా ఆలోచనను కొలవాలన్న ఉద్దేశం దీని వెనుక ఉంది. ఇంగ్లండులో జాన్ రేవెన్ 1938లో ప్రచురించిన బొమ్మల గడుల పరీక్షదీ ఇదే దారి.

అంకగణితంలో నాలుగు ప్రక్రియలు, భిన్నాలు, దశాంశాలు, గ.సా.భా., క.సా.గు., కొలతలు, చుట్టుకొలత, వైశాల్యం, లాభనష్టాలు వంటివి వస్తాయి. భాషా విభాగంలో నాలుగు చిన్న గద్యభాగాలు ఇచ్చి, ఒక్కోదాని మీద అయిదు ప్రశ్నలు అడుగుతారు. పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. ఏ భాషలో రాయాలో దరఖాస్తులోనే ఎంచుకోవాలి. రాష్ట్రంలో ద్విభాషా పాఠ్యపుస్తకాలు వచ్చాక ఈ ఎంపిక మీద కాస్త ఆలోచన అవసరమైంది. కొందరు పిల్లలు గద్యభాగం తెలుగులో వేగంగా చదువుతారు గానీ గణిత పదాలు ఇంగ్లీషులోనే నేర్చుకుని ఉంటారు. రెండు భాషల్లోనూ ఒక్కో పాత ప్రశ్నపత్రం గడియారం పెట్టి రాయిస్తే ఏది నప్పుతుందో తేలిపోతుంది.

కోరుకొండ సైనిక్ స్కూలు

సైనిక్ స్కూళ్లు 1961లో రక్షణ మంత్రి వి.కె. కృష్ణమేనన్ చొరవతో మొదలయ్యాయి. సైన్యంలో అధికారులుగా చేరేందుకు, ముఖ్యంగా ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశానికి పిల్లలను సిద్ధం చేయడం వీటి లక్ష్యం. కోరుకొండ స్కూలు 1962 జనవరి 18న, విజయనగరం రాజవంశీయుడు పి.వి.జి. రాజు ఇచ్చిన కోరుకొండ ప్యాలెస్‌లో ప్రారంభమైంది. 2021–22 నుంచి ఆడపిల్లలకూ ప్రవేశం ఉంది.

ఆరో తరగతి ప్రవేశ పరీక్షను నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తుంది. ప్రవేశం పొందే ఏడాది మార్చి 31 నాటికి వయసు 10, 12 ఏళ్ల మధ్య ఉండాలి. మొత్తం 125 ప్రశ్నలు, 300 మార్కులు, రెండున్నర గంటలు. గణితానికి 150 మార్కులు పోగా, భాష, సామాన్య జ్ఞానం, మేధాశక్తి విభాగాలకు యాభై చొప్పున ఉంటాయి. అంటే సగం మార్కులు లెక్కలవే. నవోదయలో బొమ్మల ప్రశ్నలది సగం వాటా. ఒకే బిడ్డ రెండూ రాసేటప్పుడు ఈ తేడా తెలిసి ఉండాలి. ఆరో తరగతి పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. రాత పరీక్ష తర్వాత వైద్య పరీక్ష ఉంటుంది. 67 శాతం సీట్లు సొంత రాష్ట్రం పిల్లలకు. ఇది ఫీజు చెల్లించే బడి. ఆదాయాన్ని బట్టి ఉపకార వేతనాలు ఉంటాయి.

గురుకులాలు, ఏకలవ్య పాఠశాలలు

ఆంధ్రప్రదేశ్ గురుకుల విద్యాలయాల సంస్థ బడుల్లోనూ అంబేద్కర్ గురుకులాల్లోనూ ప్రవేశం అయిదో తరగతిలో. అంటే నాలుగో తరగతి చదువుతుండగానే పరీక్ష రాయాలి. ఇందులో బొమ్మల తర్కం కాక తెలుగు, ఇంగ్లీషు, గణితం, పరిసరాల విజ్ఞానం పాఠాల మీదే ప్రశ్నలు. బడి పాఠాలు బాగా వచ్చిన పిల్లలకు ఇది అనువైన పరీక్ష.

ఏకలవ్య ఆదర్శ గురుకులాలు 1997–98లో మొదలైన కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ పథకం కిందివి. కురుపాం, భామిని వంటి చోట్ల ఇవి ఉన్నాయి. ఆరో తరగతిలో 60 సీట్లు, బాలురకు సగం, బాలికలకు సగం. సవర, జాతాపు, కొండదొర కుటుంబాల పిల్లలకు ఇంటికి దగ్గరగా దొరికే చదువు ఇది.

తయారీ

బొమ్మల ప్రశ్నలు పుట్టుకతో వచ్చిన తెలివినే కొలుస్తాయన్నది సగం నిజం. అలాంటి ప్రశ్న ఎన్నడూ చూడని బిడ్డకు అడిగినది ఏమిటో అర్థం కావడానికే సమయం పోతుంది. పది రకాలూ ఒకసారి పరిచయమయ్యాక మార్కులు పెరుగుతాయి. ఆ తర్వాత ఎన్ని వందల ప్రశ్నలు చేయించినా పెరుగుదల నెమ్మదిస్తుంది. అందుకే నెలల తరబడి కోచింగ్ హాస్టల్లో ఉంచడం కన్నా, రోజూ అరగంట సాధన, వారానికొక పూర్తి ప్రశ్నపత్రం మేలు. కాగితం మడత ప్రశ్నలకు నిజంగానే కాగితం మడిచి చిల్లులు పెట్టి చూపాలి. ప్రతిబింబాల ప్రశ్నలకు అద్దం ముందు అక్షరాలు పెట్టి చూపితే చాలు.

ఓఎంఆర్ పత్రం మరో అడ్డంకి. ఏకోపాధ్యాయ పాఠశాలలో చదివిన బిడ్డ బాల్ పెన్నుతో వృత్తం నింపడం అంతకు ముందు చేసి ఉండకపోవచ్చు. ఒక ప్రశ్న వదిలి, కింది వరుసలన్నీ ఒకటి జరిపి నింపే పొరపాటు ఈ వయసులో మామూలే. మాదిరి పత్రాలు జిరాక్స్ తీయించి పదిసార్లు నింపిస్తే అలవాటవుతుంది.

పదేళ్ల బిడ్డ ఇల్లు వదిలి ఉండగలదా అన్నది పరీక్షకు ముందే ఆలోచించాలి. తన పనులు తాను చేసుకోవడం, నలుగురితో కలిసి పడుకోవడం, నలతగా ఉంటే వార్డెన్‌కు చెప్పగలగడం వచ్చిన పిల్లలు హాస్టల్లో త్వరగా కుదురుకుంటారు.

అమెరికా పరీక్షలతో పోలిక

ప్రవాస తెలుగు కుటుంబాలకు పరిచయమైన కాగాట్, నాగ్లియెరి పరీక్షలను సాధారణంగా ప్రాథమిక తరగతుల్లోనే పెడతారు. కాగాట్‌లో భాష, సంఖ్యలు, బొమ్మలు అని మూడు భాగాలు. నాగ్లియెరి పూర్తిగా బొమ్మలదే, నవోదయ ప్రశ్నలకు దగ్గరి చుట్టం. అయితే ఆ మార్కులను అదే వయసు పిల్లలతో పోల్చి, సగటు 100గా లెక్కిస్తారు. చాలా పాఠశాల జిల్లాలు దాంతో పాటు టీచర్ల అంచనాను, బిడ్డ చేసిన పనిని కూడా చూస్తాయి. నాలుగైదేళ్ల వయసులో వచ్చిన మార్కులు పెద్దయ్యాక బాగా మారిపోవచ్చు. న్యూయార్క్ నగరంలో నాలుగేళ్ల పిల్లలకు గిఫ్టెడ్ పరీక్ష పెట్టే పద్ధతి 2021లో ఆగిపోయింది.

ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీ అనుభవం ఉత్తరాంధ్రకూ పనికొస్తుంది. అక్కడ 2005కు ముందు తల్లిదండ్రులో టీచర్లో సూచించిన పిల్లలనే పరీక్షించేవారు. రెండో తరగతి పిల్లలందరికీ ప్రాథమిక పరీక్ష పెట్టడం మొదలయ్యాక పేద, నల్లజాతి, హిస్పానిక్ కుటుంబాల నుంచి ఎంపికైనవారు బాగా పెరిగారు. ఆ పిల్లలు అంతకు ముందూ బడిలోనే ఉన్నారు, వారి పేరు సూచించినవారు లేరు. నవోదయ పరీక్ష కూడా దరఖాస్తు చేసినవారికే. ఉపాధ్యాయుడు పట్టించుకున్న బడి నుంచి తరగతిలోని అర్హులందరూ రాస్తారు. పక్క ఊరి బడి నుంచి ఒక్కరూ రాయకపోవచ్చు. సొంత ఊరి బడికి సాయం చేయదలచిన ప్రవాసులు కోచింగ్ కన్నా ముందు అయిదో తరగతిలోని ప్రతి అర్హుడి దరఖాస్తు పూర్తయ్యేలా చూడటం, మాదిరి ఓఎంఆర్ పత్రాలు ఇవ్వడం, పరీక్ష కేంద్రానికి ఆటో ఖర్చు భరించడం వంటివి చేయవచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం నేరుగా కనిపిస్తుంది.

సీటు రాకపోతే

ఒకే జిల్లాలో 80 సీట్ల కోసం పోటీ పడే చోట ఒకటి రెండు ప్రశ్నల తేడా ఎంపికను మార్చేస్తుంది. కాబట్టి సీటు రాకపోవడాన్ని తెలివి తక్కువతనానికి గుర్తుగా తీసుకోనక్కరలేదు. తర్వాతి దారులూ ఉన్నాయి. ఎంపికైనవారు చేరకపోతే నిరీక్షణ జాబితాలోని వారిని పిలుస్తారు. నవోదయ తొమ్మిదో తరగతిలో ఖాళీలుంటే ఎనిమిదో తరగతి పిల్లలకు వేరే పరీక్ష ఉంటుంది. అందులో గణితం, సైన్స్‌లకు 35 చొప్పున, ఇంగ్లీషు, హిందీలకు 15 చొప్పున మార్కులు. సైనిక్ స్కూలుకూ తొమ్మిదో తరగతి ప్రవేశం ఉంది.

ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి చదువుతూ, కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు మించని పిల్లలు ఎన్ఎంఎంఎస్ అనే ఉపకార వేతన పరీక్ష రాయవచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ప్రభుత్వ వసతి బడుల పిల్లలకు ఇది వర్తించదు గనుక, నవోదయ సీటు రానివారికి ఇది మిగిలే అవకాశం. పదో తరగతి తర్వాత, ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం. పురంలో 2016లో మొదలైన ట్రిపుల్ ఐటీ ఆరేళ్ల చదువుకు పదో తరగతి మార్కుల ఆధారంగా పిల్లలను తీసుకుంటుంది.