లారీ ప్రమాదాల్లో ప్రాణం పోయేది ఎవరికి?

"లారీ గుద్దేసింది సిస్టర్!" క్యాజువాల్టీ తలుపు దగ్గర మేము తరచుగా వినే మాట ఇది. రిజిస్టరులోనూ అలాగే రాసుకుంటాం. తరువాత నిదానంగా అడిగితే ఒక్కోసారి సంగతి వేరుగా ఉంటుంది. లారీ రోడ్డు పక్కన ఆగి ఉంది. చీకట్లో మోటారు సైకిలే వెళ్లి దాని వెనుక భాగానికి గుద్దుకుంది.

రెండేళ్ల క్రితం డిసెంబరులో క్రిస్మస్ పాటలకు వెళ్లి అర్ధరాత్రి దాటాక తిరిగి వస్తున్న ఇద్దరు యువకులకు ఇలాగే జరిగింది. ఆగి ఉన్నది ఊక లోడు లారీ. బస్తాలు వెనక్కి ఉబ్బి ఎర్ర లైట్లను కప్పేశాయి. బండి నడుపుతున్న అబ్బాయికి హెల్మెట్ ఉంది, చెయ్యి విరిగింది. వెనుక కూర్చున్న అబ్బాయికి హెల్మెట్ లేదు. మా దగ్గరకు తెచ్చేసరికే నాడి అందలేదు. "వెనుక కూర్చునేవాడికి ఎందుకులే అనుకున్నాం" అని వాళ్ల నాన్నగారు పదే పదే అన్నారు. ఆ మాట మా రాత్రి డ్యూటీ నర్సులెవరూ మరిచిపోలేదు.

అలా అనుకునే కుటుంబం అదొక్కటే కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ లేక చనిపోయినవారు వీరిలో 50,029 మంది. ఆ యాభై వేలలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. 2023లో మొత్తం మరణాలు 1,72,000 దాటాయి.

అదే నివేదికలో ఎవరెవరు చనిపోయారో చూడండి. ద్విచక్ర వాహనాలపై ఉన్నవారు 74,897 మంది, నడిచి వెళ్తున్నవారు 32,825 మంది. లారీల్లో ఉండి చనిపోయినవారు నూటికి సుమారు ఆరుగురు. అవీ ప్రాణాలే. రెండు రాత్రులు నిద్ర లేకుండా స్టీరింగు పట్టుకున్న డ్రైవర్లకు మేమూ కట్లు కట్టాం. కానీ లారీకీ మోటారు సైకిలుకూ తగిలినప్పుడు తప్పు ఎవరిదైనా, ప్రాణం మీదకు వచ్చేది దాదాపు ఎప్పుడూ చిన్న బండి మీద ఉన్నవారికే.

బరువు లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. మన చట్టంలో సరుకుతో కలిపి ఏడున్నర టన్నులు దాటితే మధ్యతరహా లారీ, 12 టన్నులు దాటితే భారీ లారీ. పది టైర్ల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నుల వరకు ఉండవచ్చు. ఇద్దరు కూర్చున్న మామూలు మోటారు సైకిలు సుమారు 250 కిలోలు. అంటే లారీ బరువు వంద రెట్లకు పైనే. అంత బరువు బ్రేకు వేసిన చోటే ఆగదు.

రాత్రిపూట ముందు ఎర్ర లైటు కనబడకపోయినా సరే, నల్లగా ఏదైనా కనిపిస్తే వేగం తగ్గించండి. 2022 ప్రమాదాల్లో ఐదింట ఒకటి వెనుక నుండి గుద్దుకున్నదే. లారీ వెనుక అడ్డంగా ఇనుప కడ్డీ ఉండాలని నియమం ఉంది. అది వంగిపోయో ఊడిపోయో ఉన్న లారీలను మనం రోజూ చూస్తూనే ఉన్నాం. పగటిపూట క్లీనరు వైపు నుండి దూరి ముందుకు పోవద్దు. లారీ అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే మీరూ ఆయనకు కనిపించడం లేదన్నమాట. ఎడమకు తిరిగే లారీ వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి. కాళ్ల మీదుగా చక్రం ఎక్కిన కేసుల్లో ఇలా జరిగినవి ఉన్నాయి.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. నడుము మీద, తొడ మీద లారీ చక్రం నొక్కిన మనిషి మొదట బాగానే మాట్లాడవచ్చు. పైకి రక్తం కనిపించదు. కటి ఎముక విరిగితే రక్తమంతా లోపలే కారుతుంది. "మాట్లాడుతున్నాడు కదా, తెల్లవారాక తీసుకెళ్దాం" అని ఇంట్లో పడుకోబెట్టి, చెమటలు పట్టి చేతులు చల్లబడ్డాక తెచ్చినవారున్నారు. అప్పటికి ఎన్ని సీసాల రక్తం ఎక్కించినా అందుకోలేకపోయాం. అలాంటివారికి నీళ్లు పట్టవద్దు, లేపి నడిపించవద్దు, ఆటోలో మడిచి కూర్చోబెట్టవద్దు. రక్తం పైకి కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి ఉంచి 108కి ఫోన్ చేయండి.

పోలీసు కేసని భయపడి దూరంగా నిలబడేవారు ఇంకా ఉన్నారు. కొంత తప్పు ఆసుపత్రులది కూడా. తెచ్చినవారి పేరు, ఊరు రాసేదాకా వదలని రోజులున్నాయి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 134ఎ సెక్షను ప్రకారం మంచి మనసుతో సహాయం చేసినవారిపై కేసు ఉండదు. పేరు చెప్పమని బలవంతం చేయకూడదు కూడా. మా క్యాజువాల్టీలో ఎవరైనా అలా ఒత్తిడి చేస్తే మాతో చెప్పండి.

గుద్దిన లారీ ఆగకుండా వెళ్లిపోయి, నంబరు తెలియకపోయినా కుటుంబానికి పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుండి మరణానికి రెండు లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి యాభై వేలు. అర్జీ ఆర్డీవో లేదా తహసీల్దారు కార్యాలయంలో ఇవ్వాలి. కిందటి నెల ఒక తల్లి వచ్చింది. కొడుకు పోయి ఏడాది దాటినా ఇది ఉందని ఎవరూ ఆమెకు చెప్పలేదు. కావలసిన ఆసుపత్రి కాగితాలు మా రికార్డు గదిలో వెతికి ఆ రోజే ఇచ్చాం. మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటివారుంటే చేరిన తేదీ చెప్పి రమ్మనండి, వెతికి ఇస్తాం.