శిశువుల ఆహారము: శాకములు, ఫలములు, పానీయములు



రెండేండ్ల బిడ్డచేత కూర తినిపించుటకంటె కోడెకు కాడి మప్పుట సులభమని మా పాలకీడులో ఒక వృద్ధురాలు అనుచుండెడిది. ఆ మాటలో అతిశయోక్తి కొంత యున్నను సత్యము మిక్కుటముగా నున్నది. పప్పుబువ్వ పెట్టిన నోరు తెఱచును. అందులో ఒక తోటకూర రేక కనబడిన నాలుకతో వెలికి త్రోసివేయును. ఆటలో పడిన పిదప ప్రొద్దు గ్రుంకువఱకు నీళ్ళ మాటయే యెత్తదు. ఏడాది మొదలు మూడేండ్లవఱకు ఈ తగవు ప్రతి యింటను నడచుచునే యుండును. నేను వైద్యుడను గాను. నలువది యేండ్లు బడిపిల్లల నడుమ గడపినవాడను. చదువునకు వచ్చు బాలుని చుఱుకుదనము వాడు పలక పట్టకమునుపే వాని పళ్ళెములో కొంత నిర్ణయమగుచున్నదని ఎఱిగినవాడను. అందుచేత నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాను.

మాది కృష్ణ చేరువనున్న సీమ. 1967లో నాగార్జునసాగరపు కాలువలకు నీరు వదలిన పిమ్మట ఎడమకాలువక్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరికి పుట్టినిల్లయినవి. అన్నమునకు కొఱత తీరినది. కాని నేను చూచుచున్నంతలోనే పెరటి బీరపాదులు, దడిమీది చిక్కుడుతీగలు పలుచబడినవి. నల్లగొండ బత్తాయి లారీల కెక్కి ఢిల్లీవఱకు పోవుచున్నది. ఆ తోటప్రక్కనే పెరుగు బిడ్డ చేతిలో అంగడి పొట్లము గలగలలాడుచున్నది. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణమందు ఆఱు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 70 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ధాన్యరాశుల నడుమ ఇట్టి లెక్క వినవలసివచ్చుట కష్టముగా లేదా?

ఎంత పెట్టవలెనని తల్లులు అడుగుదురు. 1918లో కూనూరున మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థవారు 2011లో వెలువరించిన గ్రంథములో, ఒకటి మొదలు మూడేండ్ల బిడ్డకు దినమునకు ఆకుకూర 50 గ్రాములు, ఇతరములైన కూరగాయలు 50 గ్రాములు, దుంపలు 50 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 500 మిల్లీలీటర్లు చెప్పియున్నారు. వినుటకు పెద్దగా తోచును గాని, 50 గ్రాముల ఆకుకూర ఉడికిన పిదప చిన్న పిడికెడైన కాదు. రెండు పూటలకు పంచిన అది నాలుగయిదు బుక్కల పని.

ఇక బిడ్డ ఏల మారాము చేయును? మూడు కిలోలతో పుట్టిన శిశువు ఏడాది నిండునప్పటికి తొమ్మిది కిలోలగును; రెండవ యేట పెరుగునది రెండు, రెండున్నర కిలోలు మాత్రమే. పెరుగుదల నెమ్మదించినపుడు ఆకలియు నెమ్మదించును. ఇది ప్రకృతిధర్మము. తల్లి దీనిని రోగమని భయపడి గిన్నె పట్టుకొని వెంటబడును; బిడ్డ ఉడుము పట్టు పట్టును. మఱియొక సంగతి. తీపి పుట్టుకతోనే ప్రియము. చేదు, వగరు అభ్యాసముచేత గాని నాలుకకు ఎక్కవు. క్రొత్త కూరను ఎనిమిది పది మార్లు, ఒక్కొక్కప్పుడు పదునైదు మార్లు రుచి చూపిన పిదపనే శిశువు దానిని అంగీకరించునని పరిశోధకులు కనుగొనిరి. మన ఇండ్లలో మూడవ నాటికే “వీడికి బీరకాయ పడదు” అని తీర్పు వెలువడును! మన పూర్వులు ఈ అభ్యాసమును ముందే మొదలిడిరి. కాశ్యపసంహితలో ఆఱవ నెలయందే ఫలప్రాశనము విధింపబడినది.

కనుక త్రోసివేసిన కూరను కోపింపక తీసివేసి, రెండు దినములు గడచినపిదప మరల గోరంత పెట్టవలెను. అందఱును కూర్చుండి తినునపుడు బిడ్డకు చిన్న పళ్ళెము వేఱుగా నుంచి, దాని చేతితో దానినే కెలుకుకొననిండు. సగము నేలపాలైనను నష్టము లేదు. తాత పళ్ళెములో లేని కూరను మనుమడు తినవలెననుట న్యాయము గాదు. “ఈ కూర తింటే మిఠాయి ఇస్తా బిడ్డా” అను బేరము ఎన్నటికిని వలదు. దానివలన కూర దండన, మిఠాయి బహుమానము అని బిడ్డ నేర్చుకొనును. బడిలో బెత్తముతో చెప్పిన ఎక్కములవలె, బెదరించి పెట్టిన ముద్ద నిలువదు. ఫోను చూపి నోటిలో త్రోయుట అంతకంటె తక్కువది; ఏమి తినుచున్నదో ఎఱుగని నాలుకకు రుచి ఎట్లు పట్టును?

పుంటికూర పులుపును పిల్లలు తొందరగా మెచ్చెదరు. కారము వేయకమునుపే వారి పాలు తీసియుంచవలెను. మునగాకు, తోటకూర పప్పులో మెత్తగా ఎనిపి చెంచాడు నూనెయో నెయ్యియో కలిపిన, కంటికి మేలుచేయు సత్త్వము దేహమునకు బాగుగా అందును. పైన నాలుగు చుక్కలు నిమ్మరసము పిండిన ఆకులోని ఇనుము ఒంటబట్టును. జామ, బొప్పాయి, మామిడి, బత్తాయి ఏ ఋతువునందు దొరకినది ఆ ఋతువున పెట్టవలెను. ఒక హెచ్చరిక: పల్లీలు, గుండ్రని ద్రాక్ష, పచ్చి గాజరు ముక్క, సీతాఫలపు గింజ, రేగు గింజ గొంతున అడ్డుపడి ప్రాణము తీయగలవు. గింజలు తీసి, చిన్నగా చీల్చియో నలిపియో ఇచ్చి, తినునంతసేపు ఎదుట కూర్చుండవలెను.

నీటికి జీవనమను పేరు అమరకోశమున నున్నది. ఆఱు నెలలు నిండనివఱకు తల్లిపాలే నీరు. వేఱుగా చుక్కయు వలదు. ఏడాది దాటిన బిడ్డకు ఆహారములోని ద్రవముతో కలిపి దినమునకు లీటరుపైన కావలెను. ఒక్కసారి చెంబెడు త్రాగించుట గాదు. నిద్ర లేచినపుడు, ఆటనుండి వచ్చినపుడు, అన్నముతో, చిన్న గ్లాసులో రెండు మూడు గుటకలు చొప్పున. గ్లాసు బిడ్డకు అందుచోట నుండవలెను. మా సీమ యెండలలో పలుచని సల్ల, తాటిముంజలు, దోసకాయ, కర్బూజ పండు నీటికి తోడు. పాలు అర లీటరు మించిన కడుపు నిండి కూరకు చోటుండదు, రక్తహీనతయు వచ్చును. ముసలివారు ముద్దుచేసి చాయలో బిస్కత్తు ముంచి పెట్టుదురు. ఆ చాయ ఇనుమును ఒంటబట్టనీయదు. సీసాలలోని రంగునీళ్ళ మాట చెప్పనే అక్కఱలేదు.

ఇచట మన జిల్లాకు ప్రత్యేకమైన విషయ మొకటి కలదు. ఏ నీరు త్రాగించుచున్నామో చూడవలెను. ఉమ్మడి నల్లగొండలో మఱ్ఱిగూడ, మునుగోడు వైపు గ్రామములు ఫ్లోరైడు నీటిచే తరములుగా బాధపడినవి. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగిన పసిపిల్లల దంతములు, ఎముకలు చెడును. కాచిన నీటిలో సూక్ష్మజీవులు చచ్చును గాని ఫ్లోరైడు పోదు, ఆవిరి పోయినకొలది చిక్కబడును. పటిక, సున్నములతో దానిని తగ్గించు పద్ధతికి 1970ల దశకములో నల్లగొండ పేరే పెట్టిరి. పిమ్మట మిషన్ భగీరథ కుళాయిల ద్వారా నదీజలము వచ్చినది. కుళాయి నీరు తీయగా లేదని పాత బోరునీటినే పసివానికి పట్టువారు ఆ బోరునీటిని ముందు పరీక్ష చేయించుకొనవలెను.

విరేచనములు పట్టినపుడు నీరు మానిపించుట కొందఱికి అలవాటు. అది ప్రమాదకరము. అప్పుడే మఱింత నీరు కావలెను. ఆశా కార్యకర్తవద్ద దొరకు ఓఆర్‌ఎస్ పొట్లమును దానిపై వ్రాసిన కొలత నీటిలో కలిపి చెంచాతో పట్టుచు, అన్నము మానిపింపక, జింకు మాత్రలు పదునాలుగు దినములు వేయవలెను. కన్నులు లోతునకు పోయినను, ఏడ్చినపుడు కన్నీరు రాకున్నను, పూటంతయు మూత్రము లేకున్నను, బిడ్డ మత్తుగా పడియున్నను వెంటనే ఆస్పత్రికి తీసికొనిపోవలెను. త్రాగగలిగినచో త్రోవపొడుగునను చెంచాతో ఆ నీరు పట్టుచునే యుండవలెను, చనుబాలు మానని బిడ్డకు చన్నియ్యవలెను.