నీట మునిగిన కారు - కొనేముందు చూడవలసిన సంగతులు

సొంత కారు ఒకప్పుడు జమీందార్లకూ, పెద్ద వ్యాపారులకూ చెల్లిన వైభవం. ఇప్పుడు అది మధ్యతరగతి సంసారానికి అవసరమైన వస్తువుల్లో చేరింది. ముసలి తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకువెళ్లాలన్నా, పెళ్లిళ్లకు పిల్లాజెల్లాతో స్వగ్రామం పోయిరావాలన్నా కారు వుంటే వచ్చే సుఖమే వేరు. కొత్తది కొనే శక్తి అందరికీ వుండదు కనుక చాలామంది పాత కారు కోసం చూస్తారు. అందులో తప్పేమీ లేదు. బాగా చూసుకున్న పాత కారు పది సంవత్సరాలు నమ్మకంగా సేవ చేస్తుంది.

అయితే మనం స్థిరపడిన ఊళ్లలో పాత కారు కొనేవారికి ఒక ప్రత్యేకమైన ప్రమాదం వున్నది. అది వరద నీరు. 2005 జూలై 26న బొంబాయి శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. 2015 డిసెంబరు మొదట్లో చెన్నైలో అడయారు పొంగి ఇళ్ల కింది అంతస్తులలో నిలిపిన కార్లు నిలిపినట్టే మునిగిపోయాయి. 2022 జూలైలో గోదావరి యానాం వీధుల్లోకి వచ్చింది. ఆ సెప్టెంబరులోనే బెంగుళూరు బెళ్లందూరు ప్రాంతం చెరువయింది. 2023 డిసెంబరు తుఫానుకు చెన్నై మళ్లీ మునిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. నీరు తీసిన తరువాత ఆ కార్లన్నీ ఏమయ్యాయి? కొన్ని తుక్కు కింద పోయాయి. కొన్నిటిని కడిగి, ఆరబెట్టి, రంగు వేసి మళ్లీ అమ్మకానికి పెట్టారు. మునిగిన ఊళ్లో ఎవరూ కొనరు కనుక అటువంటి కారు సాధారణంగా మరో ఊరికి, మరో రాష్ట్రానికి ప్రయాణం కడుతుంది.

ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. బాగుచేసే ఖర్చు బీమా చేసిన విలువలో నూటికి 75 వంతులు దాటితే బీమా కంపెనీ పూర్తి నష్టం కింద లెక్క కట్టి సొమ్ము చెల్లిస్తుంది. మిగిలిన కారు వేలంలో పోతుంది. పాడుకున్నవారు దానిని బాగుచేయించి అమ్ముకుంటారు. మునిగిన సంగతి ఆర్.సి.లో ఎక్కడా వ్రాసి వుండదు. తెలుసుకోవలసిన భారం కొనేవారిదే.

నీరు చేసే పని

నీరు ఆరిపోతే అంతా ఆరిపోయినట్టే కదా అని చాలామంది అనుకుంటారు. వరద నీరు వట్టి నీరు కాదు. అందులో ఒండ్రు, మురుగు, ఒక్కొక్కచోట ఉప్పు కూడా కలిసి వుంటాయి. అది నేలమీది తివాచీ కింద వున్న దళసరి మెత్తలోకి దిగితే నెలల తరబడి చెమ్మ పోదు. ఆ చెమ్మ కింద ఇనుము తుప్పు పడుతుంది. వైర్ల అతుకులలో రాగికి చిలుము పట్టి, ఆరు నెలలకో సంవత్సరానికో ఒక్కొక్క దీపం, ఒక్కొక్క మోటారు మొరాయిస్తాయి. కారు బుద్ధి అంతా ఇప్పుడు కొన్ని చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలలో వున్నది. ఎయిర్‌బ్యాగులను నడిపే పెట్టె చాలా కార్లలో ముందు సీట్ల నడుమ, గేరు దగ్గర, నేలకు ఆనుకొని వుంటుంది. సీటు దాకా నీరు వస్తే ఆ పెట్టె మునిగినట్టే. ప్రమాద సమయంలో అది పని చేయకపోతే పోయేది డబ్బు కాదు, మనిషి.

ముందు ముక్కు, తరువాత చెయ్యి, ఆఖరున కన్ను

పాత కారు చూడబోయేవారు పగటిపూట పోవాలి. మెరిసే రంగును కాసేపు మరచిపోవాలి. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇటువంటి కార్లకోసమే పుట్టిందేమో!

కారును ఎండలో అద్దాలు మూసి అరగంట వుంచమనండి. తలుపు తీయగానే ముక్కిన బియ్యం వంటి వాసన వస్తే అనుమానించవలసిందే. ఏ.సి. వేసి ఆ గాలి కూడా వాసన చూడండి. లోపల ఘాటుగా అత్తరు కొట్టి వుంటే అది ఎందుకు అవసరమైందో అడగండి.

తరువాత సీటు బెల్టును చివరి దాకా లాగండి. అమ్మేవారు సీట్లు మారుస్తారు, తివాచీ మారుస్తారు. చుట్ట చుట్టుకొని దాగివుండే బెల్టు కొసను తరచు మరచిపోతారు. దానిమీద బురద చార కనిపిస్తే నీరు ఎంత ఎత్తు వచ్చిందో అదే చెబుతుంది.

పాదాల దగ్గర తివాచీ ఎత్తి అరచేయి ఆనించండి. సీటు కింద పట్టాలు, స్ప్రింగులు, బోల్టులు చూడండి. పదేళ్ల కారుకు కింద కొంచెం తుప్పు సహజం. సీటు కింద, పెడల్ కాడల పైభాగాన తుప్పు సహజం కాదు. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంటలో మూలలు తడమండి. ఒండ్రు అక్కడే నిలుస్తుంది. ముందు దీపాల అద్దం లోపల నీటి గీత వున్నదేమో, ఫ్యూజుల పెట్టెలో పచ్చని చిలుము వున్నదేమో చూడండి. ఇంజను నూనె చూసే కడ్డీని తీసినప్పుడు పాల కాఫీ రంగు కనిపిస్తే నూనెలో నీరు కలిసిందన్న మాట. నూనె మార్చడం తేలిక కనుక రంగు బాగున్నంత మాత్రాన నిశ్చింత పనికిరాదు.

తాళం తిప్పగానే డాష్‌బోర్డుమీద ఎయిర్‌బ్యాగు దీపం వెలిగి, కొద్ది క్షణాలలో ఆరిపోవాలి. ఆరకపోతే దోషం వున్నది. అసలు వెలగనే వెలగకపోతే ఎవరో దానిని కావాలని ఆపివుండవచ్చు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. చెమ్మ కనిపించినదల్లా వరద కాదు. ఏ.సి. నీరు బయటికి పోయే గొట్టం పూడుకుపోతే ముందు ఎడమవైపు తివాచీ తడుస్తుంది. తలుపు రబ్బరు చిరిగినా వాననీరు లోపలికి వస్తుంది. ఇవి కొద్ది ఖర్చుతో తీరే జబ్బులు. ఒక్క గుర్తు చూసి కారును తిరస్కరించవద్దు; మూడు నాలుగు గుర్తులు ఒకే ఎత్తున కనిపిస్తే ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోవద్దు.

కాగితాలు చెప్పే కథ

బీమా పాలసీలు వరుసగా మూడు నాలుగు సంవత్సరాలవి అడగండి. క్లెయిము చేయనివారికి నో క్లెయిమ్ బోనసు నూటికి 20తో మొదలై 50 దాకా పెరుగుతుంది. సొంత నష్టానికి క్లెయిము చేస్తే మామూలుగా మరుసటి ఏడు అది సున్నాకు పడిపోతుంది. 2023లో 45 వున్న బోనసు, వరద తరువాత సున్నా అయితే కారణం అడగవలసిందే. బోనసు యజమానిది గాని బండిది కాదు. యజమాని మారినా సున్నా కావచ్చు. కనుక ఆర్.సి.లో పేరు మారిన తేదీ కూడా కలిపి చూడాలి. వరద వచ్చిన రెండు మూడు నెలలకే బండి చేతులు మారి, మరో రాష్ట్రానికి వచ్చివుంటే ఇంకా జాగ్రత్త. కంపెనీ వర్కుషాపులో ఆ బండి సర్వీసు చరిత్ర అడిగితే తెలుస్తుంది.

వేరే రాష్ట్రపు బండి అయితే అక్కడి ఆర్.టి.ఓ. ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం, అంటే 28వ నంబరు ఫారం, ముందే చేతికి రావాలి. పేరు మార్పుకు 29, 30 నంబర్ల ఫారాలు, బ్యాంకు అప్పు తీరిందనడానికి 35వది కావాలి. కొన్నవారు 30 రోజులలోపల పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. బీమా మార్పుకు 14 రోజులే గడువు. బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి వుంచితే కొత్త నంబరు తీసుకోవాలి. ఆ రాష్ట్రపు పన్ను కూడా కట్టవలసి వస్తుంది. బేరంలో ఆ పన్ను కలుపుకోకపోతే చౌక బేరం కాస్తా ఖరీదైన బేరమవుతుంది.

అమ్మేవారికి

మనలో కొనేవారే కాదు, అమ్మేవారూ వున్నారు. పేరు మార్పు జరిగేదాకా ప్రమాద పరిహారం రిజిస్టరులో పేరున్న యజమాని మీదనే పడుతుందని 2018లో సుప్రీం కోర్టు స్పష్టం చేసింది. కనుక తాళం ఇచ్చి ఊరుకోరాదు.

మునిగిన కారును అమ్మడం పాపం కాదు. నీరు ఎక్కడిదాకా వచ్చిందో, ఏమేమి మార్పించారో చెప్పి, బిల్లులు చూపి, తగిన ధరకు అమ్మితే మర్యాద. నేల తివాచీ మాత్రమే తడిసి, వెంటనే విప్పి ఆరబెట్టిన కారును తగ్గింపు ధరకు కొనడంలో తప్పు లేదు. సీటు దాటి నీరు వచ్చిన కారును మాత్రం కుటుంబం ప్రయాణించడానికి తీసుకోకపోవడమే మంచిది. ఆ సంగతి దాచి అమ్మితే, ఆ కారులో రేపు కూర్చునేది మరొకరి పిల్లలని తలచుకోవాలి.

బండి వచ్చిన తరువాత

తలుపుల అడుగున నీరు పోయే చిన్న రంధ్రాలు వుంటాయి. వానాకాలం ముందు వాటిని శుభ్రం చేయించండి. తడిసిన మ్యాట్లను లోపలే వుంచి అద్దాలు మూయవద్దు. సముద్ర తీరాన వుండేవారు కారు అడుగును తరచు మంచినీటితో కడిగించాలి. ఎప్పుడైనా బండి నీట చిక్కితే, నీరు తీయగానే తాళం తిప్పి చూడాలన్న ఆత్రం వద్దు. ఇంజనులో నీరు వుంటే అది నలగదు. లోపలి కడ్డీలే వంగుతాయి. బండిని లాగించి వర్కుషాపుకు చేర్చండి.

బేరగాడు తొందరపెడతాడు, రేపటికి మరొకరు వస్తున్నారంటాడు. రానివ్వండి. నమ్మిన మెకానిక్కును వెంటపెట్టుకొని ఒక పూట నిదానంగా చూడండి. అతనికిచ్చే కూలి, తరువాత పెట్టవలసి వచ్చే మరమ్మతు ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువే.